ఇంటికిచ్చిన చెవి

"పాటలు వింటూ కూర్చున్నందుకు కూడా జీతమిస్తారా? ఆ పనేదో మాకూ చెప్పు, మేమూ చేస్తాం."

మా ఆయన తిలెక్ ఈ మాట నవ్వుతూనే అన్నాడు. గుమ్మంలో వంగి బూట్లు తొడుక్కుంటున్నాడు. మంగళవారం, వ్యాను నిండా మనుషుల్ని ఎక్కించుకుని కరాకోల్ నుంచి రాజధాని బిష్కెక్ వెళ్లే రోజు. మళ్లీ శుక్రవారం దాకా రాడు. నేను పిండి చేతులు కడుక్కుని అప్పుడే ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. తల మీద హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. అవి తెచ్చింది కూడా అతనే. పోయిన నెల బిష్కెక్ బజారులో కొని, డబ్బా విప్పి, తనే నా తలకి పెట్టి, జుట్టు సర్ది, అద్దంలో చూపించాడు. ఆ చేత్తోనే కుడివైపుది చెవి మీద నుంచి కాస్త వెనక్కి జరిపాడు. ఇదిలా ఉంచుకో, అమ్మ పిలిస్తే వినపడాలి కదా అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అందుకే అలాగే ఉంచుకున్నాను.

అప్పటినుంచి ఎడమ చెవి నాది, కుడి చెవి ఇంటిది.

నేను ప్రోగ్రాములు రాస్తాను. పల్లెటూరి బడిలో లెక్కలు బాగా వచ్చేవి. పెళ్లయ్యాక ఏడాదిన్నర పాటు ఫోన్లో పాఠాలు విని నేర్చుకున్నాను, ఒక చేత్తో కుండలో గరిటె తిప్పుతూ. బిష్కెక్‌లో ఒక చిన్న ఆఫీసు నన్ను తీసుకుంది. మూడు నెలలు చూస్తాం, ఆ తర్వాత ఉంచుకునేదీ లేనిదీ చెబుతాం అన్నారు. ఆ మూడు నెలలు ఈ శుక్రవారంతో అయిపోతాయి.

నాకిచ్చిన పని నీటి వంతులది. మా పల్లెల్లో వేసవి మొత్తం చేలకి నీళ్లు వంతుల మీదే వస్తాయి. ఎవరికి ఏ రోజు ఎన్ని గంటలో, నీళ్లు వదిలే నీరటి నోటుబుక్కులో రాసి పెట్టుకుంటాడు. ఆ నోటుబుక్కుని ప్రోగ్రాములోకి ఎక్కించి, ఇదిగో మీ వంతు అని ఇంటింటికీ ఫోనుకి కబురు పంపడం మా పని. వినడానికి తేలిక. కానీ ఎవరూ వంతుని వంతులా ఉంచుకోరు. ఒకడికి చెల్లెలి పెళ్లి, ఇంకొకడు పట్నం పోవాలి, మరొకడి గొర్రెలు కొండెక్కే రోజు. నీ వంతు నాకివ్వు, నాది నువ్వు తీసుకో అనుకుంటారు. తీసుకున్నవాడు మళ్లీ మూడోవాడికి ఇస్తాడు. నోటుబుక్కులో అయితే నీరటి ఒక పేరు కొట్టేసి మరో పేరు రాసుకుంటాడు. ప్రోగ్రాములో అలా కొట్టేయాల్సిన చోట నేను కొట్టేయలేదు.

ముందుగా చూద్దామని ఒక ఊళ్లో వాడి చూశారు. ఒకే మడవ దగ్గరికి ఒకే గంటకి ఇద్దరు పార భుజాన వేసుకుని వచ్చారు. ఇద్దరి ఫోన్లలోనూ నీ వంతే అని ఉంది. ఒకడి పార కర్ర విరిగింది, రెండోవాడి పన్ను. మా పని చూసే ఎల్దియార్ అన్న సోమవారం ఫోన్ చేసి ఇది నవ్వుతూ మొదలుపెట్టి, నవ్వకుండా ముగించాడు. శనివారం పొద్దున తూములు ఎత్తుతారు, శుక్రవారం సాయంత్రం లోపు సరి చెయ్యి, ఇంకోసారి ఇలా అయితే నీ పని వేరేవాళ్లకి ఇవ్వక తప్పదు, ఏమీ అనుకోకు అన్నాడు. అనుకోవడానికి ఏముంది, తప్పు నాదే.

ఆ చోటు తెరిచి చూశాను. వంతు కొత్త మనిషికి ఇచ్చే వరుస రాసి ఉంది. పాత మనిషి దగ్గర తీసేసే వరుస లేదు. ఆ రెంటికీ మధ్య ఏం జరిగిందో నాకు బాగా గుర్తుంది. జిపార్ వదిన వచ్చింది.

జిపార్ తిలెక్‌కి అక్క. మూడు వీధుల అవతల ఇల్లు. ఆమె వస్తే టీ. ఎవరొచ్చినా టీయే గానీ, ఆమె వస్తే గంటన్నర టీ. కోడలు టీ నీళ్లు కాగే సమోవర్ పక్కన, తలుపు వైపు కూర్చుంటుంది. అందరికీ సగం గిన్నె పోయాలి. సగం పోస్తే మర్యాద, ఇంకా ఉండు, మళ్లీ పోస్తాను అని. నిండా పోస్తే ఇక లేచి వెళ్లు అని. కాబట్టి నలుగురు మనుషులుంటే సగం సగంగా నలభై గిన్నెలు. ఒక్కో గిన్నె ఖాళీ అయ్యేది కంటితో కనిపెట్టాలి, అడిగించుకోకూడదు. ఆ గంటన్నర నేను తాగేది ఉండదు. తాగుదామని పోసుకున్నది చల్లారిపోతుంది. ఆ రోజు కూడా అంతే. తిరిగొచ్చి కూర్చునేసరికి నేను ఎక్కడున్నానో చెరిగిపోయింది. వరుస పూర్తయిందనే అనుకుని కిందికి పోయాను. అంటే ఆ విరిగిన పార కర్ర, ఆ మనిషి పన్ను, ఇవన్నీ నా దగ్గర సగం గిన్నెల టీలోంచి మొదలయ్యాయి. ఇది ఎల్దియార్ అన్నకి చెప్పలేదు. చెబితే ఏమంటాడు, తలుపు వేసుకోమంటాడు. ఈ ఇంట్లో కోడలు పగటిపూట తలుపు వేసుకుంటే ఊరంతా అడుగుతుంది ఏమైందని.

తప్పిపోయిన వరుస రాయడం ఒక్క నిమిషం పని. కానీ మూడు ఇళ్లు, ఐదు ఇళ్లు గుండ్రంగా వంతులు మార్చుకుంటే ఆ ఒక్క వరుస సరిపోదు. ఎవరిది ఎవరి దగ్గరికి పోయి ఎక్కడ ఆగిందో మొత్తం ఒకేసారి తలలో పట్టుకోవాలి. అంచుల దాకా నీళ్లున్న బకెట్టు మోసినట్టు ఉంటుంది. వెనకనుంచి కోడలుపిల్లా అని పిలుపు వస్తే, అది ఎంత మెత్తటి పిలుపైనా, ఒలికిపోతుంది. మళ్లీ మొదటినుంచి తోడుకోవాలి.

అందుకని సంగీతం. ఆఫీసులో అబ్బాయిలంతా చెవుల్లో ఏదో ఒకటి పెట్టుకునే పని చేస్తారు. ఏం వింటే తల నిలుస్తుందో ఒక జాబితా చేసి అందరికీ పంచుతుంటారు. బుధవారం నేను ఆ జాబితా ముందేసుకుని కూర్చున్నాను. దీనికోసం ఒక పూట పోతుందని తెలుసు. గొడ్డలికి పదును పెట్టుకోకుండా కట్టెలు కొట్టలేను కదా అనుకున్నాను.

మొదట మన పాటలే పెట్టాను, మాటలున్నవి. మాట వినపడగానే మనసు మాట వెంట పోయింది. పాటలో పిల్ల అత్తారింటికి పోతోంది. నేను కూడా పోయాను. తెలియని భాషలో పెడదామని ఒక ఫ్రెంచి పాట పెట్టాను. మాట తెలియదు గానీ ఆ గొంతు ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది. ఎందుకేడుస్తోందో అని ఆలోచిస్తూ కూర్చున్నాను. తర్వాత ఎల్దియార్ అన్నకి ఇష్టమైన డప్పుల మోత, గుండె కన్నా జోరుగా కొట్టేది. వేళ్లు పరుగెత్తాయి, తల వెనకబడింది. పావుగంటలో అరవై వరుసలు రాసి అరవైనీ చెరిపేశాను. పియానో పెట్టాను. మెట్లు దిగుతున్నట్టు బాగానే ఉంది. కానీ ఎడమ చెవిలో ఒక్కదాంట్లోనే వినడం వల్ల కాబోలు, సగం మెట్లు లేనట్టు అనిపించింది.

వాన చప్పుడు చాలా మంచిదని జాబితాలో నలుగురు రాశారు. పెట్టాను. నాలుగు నిమిషాలకి లేచి పెరట్లోకి పరుగెత్తాను. తీగమీద దుప్పట్లున్నాయి. బయట ఎండ కాస్తోంది. దుప్పటి అంచు చేత్తో పట్టుకుని నిలబడి నాకే నవ్వొచ్చింది. మా అత్తగారు వరండాలో ఉన్ని విడదీస్తూ తలెత్తి చూసింది. ఇంకొకటుంది, కాఫీ హోటల్ చప్పుడట. ఎవరెవరో దూరంగా మాట్లాడుకుంటుంటారు, అర్థం కాదు, ఆ సందడి మధ్య పని బాగా సాగుతుందని రాశారు. సాగేదేమో. కానీ అందులో కప్పు సాసరుకి తగిలిన చప్పుడు వినగానే నేను కుర్చీలోంచి సగం లేచాను. ఎవరి గిన్నో ఖాళీ అయింది, పోయాలి. మళ్లీ కూర్చున్నాను. మళ్లీ కప్పు చప్పుడు, మళ్లీ లేచాను. మూడోసారికి ఏడుపొచ్చింది. లోకంలో ఏ చప్పుడు పెట్టినా దాంట్లో నాకు ఇంటిపనే వినపడుతోంది. చెవి ఒక్కటే ఇచ్చాననుకున్నాను ఇంటికి. ఎడమదాన్ని కూడా ఎప్పుడో పట్టుకుపోయారు.

మా అత్తగారి గురించి చెప్పాలి. మా దగ్గర అత్తగారిని అపా అంటాం, అమ్మని కూడా అదే అంటాం. పేరు మాత్రం నోటితో అనకూడదు. మొగుడివైపు పెద్దవాళ్లెవరి పేరూ కోడలు అనకూడదు. ఆరేళ్లుగా నేను అనలేదు. అపా పెద్దగా కేకలు వేసే మనిషి కాదు. ఎప్పుడూ ఒకే గొంతుతో పిలుస్తుంది. పొయ్యి చూడు, చుట్టాలొచ్చారు, దూడ విప్పుకుంది. అంతకు మించి మాట్లాడదు. నన్ను తిట్టిందీ లేదు, మెచ్చుకుందీ లేదు. ఒక్క విషయం మాత్రం నాకు ముల్లులా ఉండేది. ఇంట్లో పనంతా నాకు అప్పజెప్పింది గానీ ఆవుని అప్పజెప్పలేదు. ఉదయం సాయంత్రం తనే కొట్టంలోకి పోయి పితుకుతుంది. మోకాళ్లు నొప్పులున్నా, మంచు మోకాలి దాకా ఉన్నా, తనే. ఆవు వేరే చేతికి పాలివ్వదు అంటుంది. కొత్తలో నేను పితకబోతే నిజంగానే ఇవ్వలేదు. జిపార్ వదిన ఇది నలుగురిలో అంటుంది. "మా అమ్మ చేత పాలు పితికించుకుని తాగే కోడలు, మాకు దొరికింది," అని. నవ్వుతూనే అంటుంది. ఈ ఇంట్లో అందరూ నవ్వుతూనే అంటారు. నా చేతిలో ఏం లోపముందని ఆవు కూడా కనిపెట్టిందో అని నేను చాలా రోజులు నా చేతులు చూసుకున్నాను.

గురువారం సాయంత్రం ఐదింటికి కరెంటు పోయింది. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఉంది గానీ ఇంటర్నెట్టు పోయింది. దాంతో ఎడమ చెవిలో పాట కూడా ఆగింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఫ్రిజ్ కూడా మూలగడం లేదు. హెడ్‌ఫోన్స్ తీసే ఓపిక లేక అలాగే కాగితం మీద ఇళ్ల పేర్లు రాసి బాణాలు గీస్తున్నాను. ఈ ఇంటి వంతు ఆ ఇంటికి, ఆ ఇంటిది మూడో ఇంటికి. కుడి చెవిలో, పెరటి అవతలనుంచి, రోజూ ఆ వేళకి వినపడే రొద వినపడుతోంది. సన్నటి రొద. కింద ఒకటే మోత కదలకుండా ఉంటుంది, దానిమీద ఇంకేదో పల్చగా తిరుగుతూ ఉంటుంది. అపా కరెంటు మిషను పెట్టి పాల మీగడ తీస్తోంది అనుకునేదాన్ని. ఆరేళ్లు అలాగే అనుకున్నాను, అంటే అసలు అనుకోలేదు. ఆ రొద వెంట నా పెన్సిలు పోతోంది. కింది మోత ఎక్కడికీ పోవడం లేదు. పైది మాత్రమే తిరుగుతోంది. కాగితం మీద నేను వంతుల్ని ఇళ్ల మధ్య తిప్పుతున్నాను, అందుకే దారిలో ఒకటి రెండవుతోంది. వంతు కదలకూడదు. వంతు దాని రోజున దాని గంటలో అలాగే కూర్చోవాలి. దాని పక్కన రాసి ఉన్న పేరు మారాలి, అంతే. ఒక వంతుకి ఒక పేరు. ఎంతమంది ఎన్నిసార్లు మార్చుకున్నా రెండో పేరుకి చోటే ఉండదు.

పెన్సిలు కింద పెట్టాను. అప్పుడు తట్టింది. కరెంటు లేదు కదా, మిషను ఎలా తిరుగుతోంది?

పెరట్లోకి వెళ్లాను. కొట్టం తలుపు వారగా ఉంది. అపా పీట మీద, నాకు వీపు పెట్టి కూర్చుంది. నుదురు ఆవు డొక్కకి ఆనించింది. ఎడమ చేతిలో ఏదో నోటి దగ్గర పట్టుకుంది, కుడి చేతి వేలు దాన్ని మీటుతోంది. తెమిర్ కొముజ్. పళ్లకి ఆనించి వాయించే ఇనుప వాద్యం, మోర్సింగులాంటిది. మా అమ్మమ్మ ఊళ్లో ముసలమ్మలు వాయించగా చిన్నప్పుడు చూశాను. ఆవు నెమరు ఆపేసింది. చెవులు వెనక్కి వేసుకుని వింటోంది. గుంజకి కట్టిన దూడ కూడా కదలడం లేదు. కాసేపటికి అపా ఆ ఇనుమును గౌను జేబులో వేసుకుని పొదుగు పట్టింది. మొదటి ధార బకెట్టు అడుగున మోగింది.

నేను వెనక్కి వచ్చేయాల్సింది. కాలికి బకెట్టు మూత తగిలింది.

అపా తిరగలేదు. చేతులు ఆగలేదు. "కరెంటు పోయిందా?" అంది.

"పోయింది అపా."

"ఎంతసేపట్నుంచి నిలబడ్డావ్?"

చాలాసేపటినుంచి అన్నాను. ఆవిడ ఇంకో నాలుగు ధారలు పితికింది. తర్వాత ఆవుతో చెబుతున్నట్టుగా చెప్పింది. ఆ వాద్యం వాళ్లమ్మది. పద్దెనిమిదో ఏట పెళ్లై వచ్చినప్పుడు బట్టల మధ్య పెట్టి తెచ్చుకుంది. ఇంట్లో ఒకే ఒక్కసారి వాయించింది. వాళ్ల అత్తగారు అందట, కోడలి నోట్లో మాటే ఎక్కువ, ఇనుము కూడానా అని. అప్పుడు దీన్ని కొట్టంలోకి తెచ్చి దూలం సందులో పెట్టింది. నలభై ఒక్క ఏళ్లు. ఈ ఆవు, దీని తల్లి, దాని తల్లి, అన్నీ ఇది వింటేనే చేపుతాయి. మామగారికి తెలియదు, పోయారు. పిల్లలకి తెలియదు.

"నీకు ఆవుని అప్పజెప్పలేదని నువ్వు బాధపడతావని నాకు తెలుసు," అంది. "నీ చెయ్యి మంచిదే. ఇది కూడా నీకిచ్చేస్తే, నేను పోవడానికి చోటేదే?"

నేను గడ్డి మీద కూర్చున్నాను. ఇంటికి వచ్చిన మొదటి ఏడు ఈ కొట్టం వెనకే కూర్చుని ఏడ్చేదాన్ని. లోపల ఆవిడ ఉండి ఉంటుంది. గోడకి ఇవతల నేను, అవతల ఆవిడ. ఇద్దరికీ చోటు కావలసి వచ్చి, ఇద్దరం ఆవు దగ్గరికే పోయాం.

నా సంగతి చెప్పాను. ఇన్నాళ్లలో నా పని గురించి ఆవిడకి చెప్పడం అదే మొదలు. వంతుల సంగతి వెంటనే అర్థమైంది ఆవిడకి. వాళ్ల నాన్న చేలో నీళ్లు కట్టినవాడే. విరిగిన పన్ను గురించి విని నవ్వింది. ఏ చప్పుడు పెట్టుకున్నా తల నిలవలేదని, దుప్పట్ల కోసం అందుకే పరుగెత్తానని చెబితే ఇంకా నవ్వింది. ఇప్పుడే ఆవిడ రొద వింటూ దారి దొరికిందని చెప్పాను. నవ్వు ఆపింది.

"ఆవుకి వాయించేది నీ లెక్కలకి పనికొస్తుందా?"

"వచ్చింది అపా. ఇప్పుడే వచ్చింది. ఫోన్లో పట్టుకుంటాను, ఒక్కసారి వాయించండి."

ఫోను చూస్తే సిగ్గేసింది ఆవిడకి. ఫోను వెనకపక్క గంపలో పెట్టమంది, తను ఆవు వైపే తిరిగి కూర్చుంది. పదకొండు నిమిషాలు వాయించింది. మధ్యలో ఆవు నిట్టూర్చింది, దూడ ఒకసారి అరిచింది. అవి కూడా అందులో ఉన్నాయి. అయిపోయాక హెడ్‌ఫోన్స్ ఆవిడ తెల్ల రుమాలు మీదుగా తలకి పెట్టి వినిపించాను. రెండు చెవులూ మూసి. ఆవిడ కళ్లు నేల మీద ఒకేచోట ఆగిపోయాయి. నలభై ఒక్క ఏళ్లలో ఆవిడ తనని తాను బయటినుంచి విన్నది అప్పుడే. చివరిదాకా విని, తీసి, నా తలకి పెట్టింది. నేను అలవాటుగా కుడివైపుది వెనక్కి తోశాను.

"అదెందుకలా?"

"మీరు పిలిస్తే వినపడాలి కదా."

ఆవిడ చాలాసేపు నా చెవి వంక చూసింది. ఆ చూపు నాకు కొత్త. తర్వాత పాల వాసన వేసే వేళ్లతో ఆ కుడివైపుదాన్ని ముందుకి లాగి, చెవి పూర్తిగా మూసింది. పెదవులు కదిలాయి. ఏదో అంది. నాకు వినపడలేదు.

శుక్రవారం పదకొండింటికి జిపార్ వదిన తను పాఠాలు చెప్పే బడిలోని ఇద్దరు టీచరమ్మలని వెంటబెట్టుకుని వచ్చింది. ముందే ఫోన్ చేసి చెప్పింది. కాబట్టి తెల్లారి లేచి పిండిముక్కలు నూనెలో వేసి బోర్సోకులు వేయించాను, గుడ్డ పరిచాను, రొట్టె, మీగడ, ఆప్రికాట్ జామ్ అన్నీ పెట్టాను. సమోవర్ కాగుతోంది. నా చోట్లో, తలుపు వైపు, కూర్చోబోయాను. నువ్వు పోయి నీ పని చూసుకో అంది అపా. నేను కదల్లేదు. రెండోసారి అనలేదు, నా చోట్లో తనే కూర్చుంది. ఇంట్లో పెద్దావిడ కూర్చోవలసింది గది లోపలి వైపు, అందరికన్నా పైన. ఆవిడ తలుపు దగ్గర కూర్చునేసరికి లోపలి చోటు ఖాళీగా ఉండిపోయింది.

నా గదికీ ఆ గదికీ మధ్య అద్దాల తలుపు, దానికి జాలి తెర. అక్కడినుంచి అంతా కనపడుతుంది. రోజూ వినపడుతుంది కూడా. ఆ రోజు హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను, రెండు చెవులకీ. కొట్టం లోపలి మోత మొదలైంది. మొదటి పది నిమిషాలు భయంగానే ఉంది. ఒక్కో వరుస రాసి తలెత్తి చూసేదాన్ని. కుడి చెవి తనంత తను బయటికి చూస్తోంది, కట్టేసిన కుక్క గేటు వైపు చూసినట్టు. తర్వాత ఎప్పుడో అది కూడా పడుకుంది. బకెట్టు నిండింది. అంచుల దాకా నిండింది, ఒలకలేదు. పాత వరుసలన్నీ తీసేశాను. వంతుల్ని వాటి చోట్లో కూర్చోబెట్టాను. పేర్లని మాత్రమే తిప్పాను.

ఒకసారి తలెత్తితే జిపార్ వదిన నా తలుపు వైపు చెయ్యి చూపించి ఏదో అంటోంది. చప్పుడు లేదు, పెదవులే. ఏమంటోందో తెలుసు, పాల మీద ఆరేళ్లుగా విన్న మాటే. అమ్మ చేత టీ కూడా పోయిస్తున్నావా అని. ఎప్పుడూ ఆ మాటకి నా ఒళ్లు తనంత తను లేచేది. లేవబోయాను కూడా. అపా నా వైపు చూడలేదు. కూతురి చేతిలోంచి గిన్నె తీసుకుంది. సమోవర్ తిప్పింది. టీ పోస్తోంది, పోస్తోంది, ఆపడం లేదు. అంచుల దాకా, ఒక్క చుక్క పడితే కిందికి జారేంత నిండుగా పోసి, రెండు చేతులతో కూతురికి ఇచ్చింది. జిపార్ వదిన చెయ్యి గాలిలో ఆగిపోయింది. టీచరమ్మలిద్దరూ ఒకరినొకరు చూసుకుని, బోర్సోకు మింగి, మోకాళ్ల మీది ముక్కలు దులుపుకున్నారు. అపా నోరు కదల్లేదు. బయట ఆవిడ నోరు మూసుకునే ఉంది. నా రెండు చెవుల్లో ఆవిడ నోరే మోగుతోంది.

నేను మళ్లీ పనిలోకి వంగాను. తర్వాత తలెత్తేసరికి గదిలో ఎవరూ లేరు. గుడ్డ మడిచి ఉంది, గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. మూడున్నర అయింది.

నాలుగింటికి పంపాను. ఐదు దాటాక ఎల్దియార్ అన్న రాశాడు. మూడిళ్లు మార్చుకుంటే సరిపోయింది, ఐదిళ్లు గుండ్రంగా మార్చుకున్నా సరిపోయింది, ఒకడు తన వంతు తనకే ఇచ్చుకున్నా తట్టుకుంది, సోమవారం ఉద్యోగం కాగితాలు పంపుతాం అని. కింద ఇంకో వరుస. ఏం వింటూ రాశావు, జాబితాలో పెట్టు. దానికి అప్పుడే జవాబు రాయలేదు.

తిలెక్ ఆరింటికి వచ్చాడు. చేతులు కడుక్కుని, పొయ్యి పక్కన వీపు కాచుకుంటూ కూర్చున్నాడు. నేను ఉల్లిపాయలు తరుగుతూ ల్యాప్‌టాప్‌లో ఆ పదకొండు నిమిషాలు పెట్టాను, బయటికి వినపడేలాగే. ఎందుకు పెట్టానో తెలుసు. అపా సమోవర్ దగ్గరుంది. అతను కొంచెంసేపు విన్నాడు. తల ఊపాడు.

"బాగుందే ఇది. కొండ రోడ్డు మీద నడుపుతూ వింటే బాగుంటుంది. నాకూ పంపు. ఎవరు వాయించారు?"

నేను కత్తి ఆపాను. ముప్పై రెండేళ్లు ఆ కొట్టంలో ఆవుల పాలు తాగి పెరిగాడు. కిటికీకి ఇరవై అడుగుల దూరంలో రోజుకి రెండుసార్లు మోగింది ఈ మోతే. అతని తప్పని అనలేను. నేను కూడా ఆరేళ్లు మిషను అనుకున్నాను. అపా వైపు చూశాను. ఆవిడ టీగిన్నె తుడుస్తోంది, చాలాసేపటినుంచి అదే గిన్నె.

"చెప్పు," అంది, తలెత్తకుండా.

"ఎలా చెప్పను అపా? నేను మీ పేరు అనకూడదు కదా."

తిలెక్ పొయ్యి దగ్గర్నుంచి ముందుకి వంగాడు.

"అత్త పేరు అనకూడదన్నారు," అంది అపా. "వాయించినవాళ్ల పేరు అనకూడదని ఎవరూ అనలేదు."

"సోనున్," అన్నాను. మొదటిసారి సరిగా రాలేదు. మళ్లీ అన్నాను. "వాయించింది సోనున్."

తిలెక్ ల్యాప్‌టాప్ వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. మళ్లీ ల్యాప్‌టాప్ వైపు. అందులో దూడ అరిచింది. ఆ దూడ గొంతు గుర్తుపట్టాడు ముందు. ఏదో అడగబోయి, మానేసి, లేచి వచ్చి నా చేతిలోంచి కత్తి తీసుకుని ఉల్లిపాయ తరగడం మొదలుపెట్టాడు. ముక్కలు లావుగా, వంకరగా పడుతున్నాయి.

నేను అలవాటుగా సమోవర్ పక్కకి, తలుపు వైపు వెళ్లాను. ఆ చోట్లో అపా ఉంది. జరగలేదు. నేనెక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డాను. ఈ ఇంట్లో కాలు పెట్టింది మొదలు నాకు ఎవరూ టీ పోయలేదు. ఆవిడ తుడిచి తుడిచి పెట్టిన గిన్నె తీసుకుని పోసింది. ఎక్కడ ఆపుతుందో అని నా కళ్లు ఆ ధార మీదే ఉన్నాయి.

సగం పోసి ఆపింది. రెండు చేతులతో నాకిచ్చింది.